డాక్టర్లు నర్సులకి గౌరవం ఇవ్వాలంటే రోజూ వార్డులో ఏం చెయ్యాలి: తిరుపతి నుంచి ఒక హెడ్ నర్స్ చెప్పేది

మే 12 వచ్చిందంటే ప్రతి హాస్పిటల్లో నర్సెస్ డే చేస్తారు, కేక్ కట్ చేస్తారు, సూపరింటెండెంట్ సార్ వచ్చి నాలుగు మాటలు మాట్లాడతారు, రోజా పువ్వులిచ్చి ఫోటోలు తీసుకుంటారు. మన తిరుపతిలో ఇంచుమించు అదే టైంకి గంగమ్మ జాతర కూడా వస్తుంది కాబట్టి ఊరంతా వేషాలు, అంబలి, సందడి, మా నర్సు పిల్లలు మాత్రం ఆ రోజు కూడా షిఫ్టులోనే ఉంటారు. ఫంక్షన్ వద్దని నేను అనడం లేదు, 1820లో పుట్టిన ఫ్లోరెన్స్ నైటింగేల్ ని ఇప్పటికీ అందరూ తలుచుకుంటున్నారంటే మాకు సంతోషమే. నేను ఇక్కడ రాసేది మిగతా రోజుల గురించి. హౌస్ సర్జన్ గా కొత్తగా వార్డులో అడుగుపెట్టిన పిల్లలు, పీజీలు (ఎండీ, ఎంఎస్ చదివే డాక్టర్లు), చిత్తూరు, పుత్తూరు, పీలేరు పక్క సొంతంగా నర్సింగ్ హోం పెట్టుకున్న డాక్టర్లు, అందరికీ పనికొచ్చేటట్టు చెప్తాను. సర్వీసంతా ఈ జిల్లా వార్డుల్లోనే గడిపిన దాన్ని, మంచి డాక్టర్లని దండిగా చూసినా, వాళ్ళు ఏం చేస్తే మాకు మనసు నిండిందో అదే రాస్తా ఉన్నా.

ముందు అన్నిటికంటే ముఖ్యమైంది చెప్పేస్తా. నర్సు పేషెంట్ గురించి ఒక మాట చెప్పిందంటే దాన్ని ల్యాబ్ రిపోర్ట్ ని చూసినంత సీరియస్ గా తీసుకోండి. మాకు కావాల్సిన గౌరవం ఇదే. మిగతావన్నీ దీని తర్వాతే.

రాత్రి ఫోన్ వచ్చినప్పుడు

ఒకసారి నైట్ డ్యూటీలో మా స్టాఫ్ నర్స్ ఒకామె, చిన్న వయసే, సర్వీస్ కూడా పెద్దగా లేదు. పల్లె నుంచి ఒక రైతుని పిలుచుకొని వచ్చినారు, కింద చాప మీద పడుకోనుంటే ఏదో కుట్టినట్టయింది అని. కాటు గుర్తు సరిగ్గా అగపడలేదు, వాపు లేదు, కడుపు నొప్పి అంటాడు అంతే. రక్తం గాజు ట్యూబులో 20 నిమిషాలు పెట్టి చూస్తే బాగానే గడ్డకట్టింది. బీపీ బాగుంది, సాచురేషన్, అంటే రక్తంలో ఆక్సిజన్, 97. అబ్జర్వేషన్ లో పెట్టమని డ్యూటీ డాక్టర్ చెప్పి పోయినారు. ఈమె గంటకోసారి కాదు, సందు దొరికినప్పుడల్లా పోయి ఆయప్పని పలకరిస్తానే ఉంది. మూడు గంటలప్పుడు చూస్తే కళ్ళు సగం మూతలు పడతా ఉన్నాయి. నిద్రేమో అని గమ్మున రాలేదు ఆ పిల్ల. పైకి చూడన్నా అనింది, రెప్పలు లేవలేదు. తల దిండు మీద నుంచి ఎత్తమనింది, ఎత్తలేకపోయినాడు. ఒక్క ఊపిరిలో ఒకటి రెండు లెక్కపెట్టమంటే పది దాకా కూడా పోలేదు. వెంటనే డ్యూటీలో ఉన్న పీజీ సార్ కి ఫోన్ చేసింది, ఆయన చేసిన పని ఏందంటే, మానిటర్ లో సాచురేషన్ ఎంతుంది అని అడిగి ఫోన్ పెట్టేయలేదు. "వస్తా ఉన్నా సిస్టర్, ఏఎస్వీ తీసి పెట్టండి, అంబు బ్యాగ్, ట్యూబ్ బెడ్ దగ్గరికి తెప్పించండి" అన్నారు (ఏఎస్వీ అంటే పాము విషానికి విరుగుడు మందు, మిగతా రెండూ ఊపిరి అందించేదానికి), అంటూనే మెట్లు దిగుతా ఉన్నారు. కట్లపాము కాటు అది. ఊపిరి కండరాలు చచ్చుబడతా ఉంటే సాచురేషన్ చివరి దాకా బాగానే చూపిస్తుంది, పడిందంటే అప్పటికే లేటు. ఆయప్ప వెంటిలేటర్ మీద ఉండి బతికి ఇంటికి పోయినాడు.

తెల్లారి రౌండ్స్ లో ఆ పీజీ, ప్రొఫెసర్ ముందర, అందరూ వింటా ఉండగా, "సార్, టోసిస్ పట్టింది నేను కాదు, నైట్ సిస్టర్" అని ఆమె పేరు చెప్పినారు. టోసిస్ అంటే కంటి రెప్పలు వాలిపోవడం. ఆ పిల్ల అప్పటికి డ్యూటీ దిగి హ్యాండోవర్ రాస్తా ఉంది, తల ఎత్తలేదు గానీ చెవులు రెండూ అక్కడే ఉన్నాయి. ఆ తర్వాత ఆ పిల్ల ఏ పేషెంట్ దగ్గరైనా ఇంకా జాగ్రత్తగా చూసేది, అనుమానం వస్తే భయం లేకుండా ఫోన్ చేసేది. ఒక్క వాక్యంతో ఒక డాక్టర్ ఆ వార్డుకి చేసిన మేలు అది.

కాబట్టి రాత్రి ఫోన్ ఎట్లా ఎత్తాలో చెప్తా. మొదటి మాట "ఏంది, ఇప్పుడు ఎందుకు లేపినారు" అని ఉండకూడదు, "చెప్పండి సిస్టర్" అని ఉండాలి. ఆమె చెప్పేది పూర్తిగా విన్న తర్వాత రెండు ప్రశ్నలు అడగండి, ఇంతకు ముందుకీ ఇప్పటికీ ఏం మారింది, మీకు ఏమనిపిస్తా ఉంది అని. ఈ రెండోది చాలా మంది అడగరు. రోజంతా పేషెంట్ పక్కన ఉండేది ఆమె, నంబర్లలో రాని మార్పు ఆమెకే ముందు తెలుస్తుంది, "ఎందుకో మనిషి బాగాలేడు సార్" అనిందంటే లేచి రండి. వచ్చి చూస్తే ఏమీ లేకపోవచ్చు. అప్పుడే మీ అసలు పరీక్ష. ముఖం ముడుచుకొని పోయినారంటే ఆ నర్సు తర్వాతిసారి అరగంట ఆలోచించి గానీ ఫోన్ చెయ్యదు, ఆ అరగంటలో ఎవరి ప్రాణం పోతుందో ఎవరికి తెలుసు. "బాగానే ఉన్నారు, అయినా కాల్ చేసింది మంచిపని, మళ్ళీ ఇట్లా అనిపిస్తే చెయ్యండి" అని చెప్పి పోండి. పది సెకన్లు పట్టదు.

రాలేని పరిస్థితి కూడా ఉంటుంది, క్యాజువాలిటీలో ఇంకో కేసు మీద ఉంటారు, అర్థం చేసుకుంటాము. అప్పుడు "నేను 15 నిమిషాల్లో వస్తా, ఈలోగా ఇది చెయ్యండి, బీపీ ఇంతకంటే పడితే వేరే పీజీకి ఫోన్ చెయ్యండి" అని స్పష్టంగా చెప్పండి. చూద్దాంలే అని పెట్టేస్తే నర్సు ఒక్కతే ఆ భారం మోయాలి, అటెండెంట్లు ఆమె చుట్టూ నిలబడుకొని ఉంటారు.

పిలిచే పద్ధతి

పేరు కనుక్కోండి. కొత్త వార్డుకి పోస్టింగ్ వచ్చిన మొదటి రోజే మీరే పోయి "నేను ఫలానా, ఈ యూనిట్ కి వచ్చినా" అని చెప్పుకోండి, హెడ్ నర్స్ తో మొదలుపెట్టి అందరి పేర్లు అడగండి. "సిస్టర్" అని పిలవడం అలవాటే, అందులో తప్పు లేదు, "లక్ష్మి సిస్టర్", "మేరీ సిస్టర్" అని పేరు కలిపితే ఇంకా బాగుంటుంది. మగ నర్సులు ఇప్పుడు చాలా మంది వస్తా ఉన్నారు, వాళ్ళని వార్డు బాయ్ అనుకొని స్ట్రెచర్ తొయ్యమంటే వాళ్ళు ఎంత నొచ్చుకుంటారో చూసినా, బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్ళు చదివి వచ్చిన పిల్లోడు అతను, "బ్రదర్" అని పేరుతో పిలవండి.

ఇంకోటి, నువ్వు అనొద్దు. మన పక్క పల్లెల్లో అందరం నువ్వు అనే మాట్లాడుకుంటాం, అది వేరే. 23 ఏళ్ళ హౌస్ సర్జన్ వచ్చి 50 ఏళ్ళ స్టాఫ్ నర్స్ ని "నువ్వు బీపీ చూసినావా" అంటే అది ప్రేమగా అన్నట్టు ఉండదు. అదే పిల్లోడు ప్రొఫెసర్ ని మీరు అంటాడు, పక్కనే ఉన్న పేషెంట్ కూడా ఆ తేడా గమనిస్తాడు. డాక్టర్ మర్యాద లేకుండా మాట్లాడిన నర్సుతో పేషెంట్లు కూడా అట్లాగే మాట్లాడతారు, ఇది రోజూ చూస్తాం. చిటికెలు వెయ్యడం, దూరం నుంచి "ఏమ్మోవ్" అని కేకెయ్యడం కూడా మానుకోవాలి.

ఆర్డర్లు రాసే దాంట్లో కూడా గౌరవం ఉంది

దీన్ని చాలా మంది గౌరవం కింద లెక్కెయ్యరు, కానీ మాకు రోజూ తగిలేది ఇదే. కేస్ షీట్ లో మీ రాత అర్థం కాకపోతే నర్సు ముగ్గురిని అడగాలి, మీకు ఫోన్ చెయ్యాలి, మీరు విసుక్కుంటారు, ఈలోగా డోస్ టైం దాటిపోతుంది. మందు పేరు పెద్ద అక్షరాలతో, డోసు, ఏ దారిన ఇవ్వాలి, ఎన్ని గంటలకోసారి, కింద మీ సంతకం, టైం. ఇంతే కదా. వెంటనే ఇవ్వాల్సిన మందు ఉంటే షీట్ లో రాసి అక్కడ పెట్టేసి పోవద్దు, నర్సు దగ్గరికి వచ్చి నోటితో చెప్పండి, 30 మంది పేషెంట్లు ఉన్న వార్డులో ఆ షీట్ ఆమె చేతికి ఎప్పుడొస్తుందో మీకేం తెలుసు.

నోటి మాట మీద ఆర్డర్లు ఎమర్జెన్సీలో తప్పవు. అప్పుడు నర్సు మీ మాటని తిరిగి చెప్తుంది, "అడ్రినలిన్ అర మిల్లీగ్రాం కండరానికి, ఇస్తా ఉన్నా సార్" అని. చెవుడా అన్నట్టు చూడొద్దు, అట్లా తిరిగి చెప్పడమే సరైన పద్ధతి, "అవును సిస్టర్" అని కన్ఫర్మ్ చెయ్యండి. గొడవ సద్దుమణిగిన తర్వాత మీరే వచ్చి రాసి సంతకం పెట్టండి. సంతకం కోసం నర్సు రెండు రోజులు మీ వెనకాల తిరగాల్సి రాకూడదు, ఏదైనా తేడా వస్తే షీట్ లో లేని మందు ఎందుకిచ్చినావని అడిగేది ఆమెనే.

ఇక డోసు మీద అనుమానం వచ్చి నర్సు అడిగినప్పుడు. పొటాషియం క్లోరైడ్ సంగతి అందరికీ తెలిసిందే, దాన్ని సెలైన్ లో కలిపి నిదానంగా ఎక్కించాల్సిందే గానీ నేరుగా సిరంజితో నరానికి తోసినారంటే గుండె ఆగిపోతుంది. హడావిడిలో ఉన్న హౌస్ సర్జన్ ఎట్లా ఇవ్వాలో రాయకుండా పోతే, మంచి నర్సు ఆ యాంపుల్ చేతిలో పట్టుకొని నిలబడి "సార్, ఎంతలో కలపమంటారు, ఎంతసేపట్లో ఎక్కించమంటారు" అని అడుగుతుంది. ఆ ప్రశ్నకి "నాకే నేర్పిస్తావా" అని జవాబిచ్చిన వాళ్ళు ఉన్నారు. "థాంక్స్ సిస్టర్, మంచిగా అడిగినారు" అన్న వాళ్ళూ ఉన్నారు. ఈ రెండో రకం డాక్టర్ల వార్డులో అందరూ అడుగుతారు, నర్సింగ్ స్టూడెంట్ కూడా అడుగుతుంది, అందుకే ఆ వార్డులో పొరపాట్లు పేషెంట్ దాకా పోవు.

రౌండ్స్ సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తా. రౌండ్స్ మొదలుపెట్టే ముందు డ్యూటీ నర్సుని పక్కన నిలబెట్టుకోండి. ప్రతి బెడ్ దగ్గర ముందు ఆమెని అడగండి, "సిస్టర్, రాత్రి ఎట్లా ఉన్నారు, తిన్నారా, యూరిన్ ఎంత వచ్చింది" అని. ఆమె ఇన్ టేక్ అవుట్ పుట్ చార్ట్ అంత కష్టపడి రాసేది మీరు చూడ్డానికే, దాన్ని తెరిచి కూడా చూడకుండా పేషెంట్ ని "యూరిన్ బాగా పోతా ఉందా" అని అడిగితే ఆ చార్ట్ రాసిన మనిషికి ఎట్లుంటుందో ఆలోచించండి. డిశ్చార్జ్ అని నోటితో చెప్పేసి సమ్మరీ సాయంత్రం దాకా రాయకపోతే అటెండెంట్లు పోట్లాడేది కూడా నర్సు మీదనే. పొద్దున చెప్పినారంటే పొద్దునే రాసిచ్చేయండి.

తప్పు జరిగినప్పుడు

నర్సులు తప్పులు చెయ్యరని నేను చెప్పను. చేస్తారు, డాక్టర్లు చేసినట్టే. పేషెంట్ ముందర, అటెండెంట్ల ముందర, స్టూడెంట్ల ముందర అరవకండి, ఇది ఒక్కటి పాటిస్తే సగం గొడవలు ఉండవు. ముందు పేషెంట్ కి చెయ్యాల్సింది చేసేయండి. తర్వాత డ్యూటీ రూంలోకి పిలిచి, హెడ్ నర్స్ ని కూడా కూర్చోబెట్టి, ఏం జరిగింది అని అడగండి. ఎవరు చేసినారు అని మొదలుపెడితే అందరూ దాచిపెడతారు. ఎట్లా జరిగింది అని అడిగితే అసలు సంగతి బయటికొస్తుంది, రెండు యాంపుల్స్ ఒకే మాదిరి ఉండి పక్కపక్కన పెట్టినారని, రాత్రి ఒక్కతే రెండు వార్డులు చూసిందని. అరలో యాంపుల్స్ దూరం దూరంగా సర్దితే మళ్ళీ ఆ తప్పు జరగదు.

కోపంలో అందరి ముందర ఒక మాట అనేసినారనుకోండి, మనుషులం, అవుతుంది. అందరి ముందర అన్న మాటకి క్షమాపణ కూడా అందరి ముందరే చెప్పండి. కారిడార్ లో ఎవరూ లేనప్పుడు మెల్లగా "సారీ సిస్టర్" అంటే అది మీ మనశ్శాంతికి పనికొస్తుంది గానీ ఆమె పోయిన పరువు వెనక్కి రాదు. ఇట్లా రౌండ్స్ ఆపి మరీ చెప్పిన ఒక సర్జన్ ని చూసినా, ఆయన కోసం మా వాళ్ళు డ్యూటీ అయిపోయినా ఓటీలో (ఆపరేషన్ థియేటర్లో) ఉండిపోయేవాళ్ళు.

మీరు వాడిన సూది మీరే పడెయ్యండి

కాన్యులా పెట్టినారు, లంబార్ పంక్చర్ చేసినారు, ట్రే అట్లాగే బెడ్ మీద వదిలేసి గ్లౌజులు తీసి కిడ్నీ ట్రేలో వేసి పోయినారు. దూదిలో కలిసిపోయి సూది ఉంటుంది. సర్దడానికి వచ్చిన నర్సుకో, ఆయమ్మకో గుచ్చుకుంటుంది. గుచ్చుకున్న తర్వాత ఆ మనిషి పడే బాధ మీరు దగ్గర్నుంచి చూసి ఉంటే ఎప్పుడూ అట్లా వదలరు. హెచ్ఐవీ రాకుండా వేసుకునే మందులు 72 గంటల్లోపు మొదలుపెట్టాలి, ఎంత తొందరగా అయితే అంత మేలు, రెండు గంటల్లో అయితే ఇంకా మేలు, తర్వాత 28 రోజులు వేసుకోవాలి, టెస్టులు మళ్ళీ మళ్ళీ చేయించుకోవాలి, ఇంట్లో మొగుడికి చెప్పాలా వద్దా, పిల్లలకి పాలివ్వచ్చా అని రాత్రుళ్ళు నిద్ర పట్టదు. ఒక డాక్టర్ రెండు సెకన్లు వంగి ఆ సూదిని షార్ప్స్, అంటే సూదులు, బ్లేడుల కోసం పెట్టిన తెల్ల డబ్బాలో వేసి ఉంటే ఇదంతా ఉండదు.

క్యాప్ మళ్ళీ పెట్టొద్దు, చేత్తో వంచొద్దు. ప్రొసీజర్ ముందే డబ్బా దగ్గర పెట్టుకోండి, అయిపోగానే మీ షార్ప్స్ మీరే లెక్కపెట్టి వేసి, "సిస్టర్, సూదులన్నీ వేసేసినా, ట్రేలో ఏమీ లేవు" అని చెప్పండి. నన్ను అడిగితే నర్సెస్ డే రోజు ఇచ్చే శాలువా కంటే ఈ మాట పెద్దది. ఎవరికైనా గుచ్చుకుంటే ఫారం నింపమని చెప్పి వదిలేయకుండా మీరే తోడు పోయి మందు మొదలయ్యే దాకా ఉండండి.

ఓటీలో కూడా ఇట్లాంటిదే. డబ్ల్యూహెచ్‌వో సర్జికల్ చెక్ లిస్ట్ లో కోత పెట్టే ముందు అందరూ పేరు, పని చెప్పుకోవాలని ఉంది, కుట్లు ముగించి పేషెంట్ ని బయటికి పంపే ముందు స్పాంజులు, పరికరాల లెక్క సరిపోయిందని నర్సు నోటితో చెప్పాలని ఉంది. ఆపరేషన్లో పరికరాలు అందించే స్క్రబ్ నర్స్ "ఒక మాప్ (రక్తం అద్దే గుడ్డ) తక్కువ వస్తా ఉంది సార్" అంటే "నువ్వే తప్పు లెక్కపెట్టినావు" అనకుండా చేతులు ఆపి వెతకండి.

భాష, జనం, గొడవలు

మన దగ్గరికి వచ్చే పేషెంట్లలో తమిళం మాత్రమే వచ్చే వాళ్ళు చాలా మంది, తిరుత్తణి, వేలూరు పక్క నుంచి వస్తారు, చిత్తూరు, సత్యవేడు పక్క మన వాళ్ళే ఇంట్లో తమిళం మాట్లాడే వాళ్ళు ఉన్నారు. కొండకి వచ్చిన భక్తులు కన్నడం, హిందీ, ఒరియా. కోస్తా నుంచి వచ్చిన పీజీకి ఈ భాషలు రావు, మా నర్సులకి తమిళం అందరికీ కొంచెం వస్తుంది, హిస్టరీ మొత్తం వాళ్ళే అడిగి చెప్తారు. అది వాళ్ళ డ్యూటీ లిస్టులో లేదు. కేస్ షీట్ లో హిస్టరీ రాసేటప్పుడు "స్టాఫ్ నర్స్ ఫలానా ద్వారా తెలుసుకున్నది" అని ఒక లైన్ రాయండి, ఆమె పని కాయితం మీద కనిపిస్తుంది. ఆమె ఇంకో పేషెంట్ దగ్గర ఇంజెక్షన్ లో ఉంటే కాసేపు ఆగండి. "నొప్పి ఎక్కడ" అనడానికి సరిపోయే నాలుగు తమిళ మాటలు ఆమె దగ్గరే నేర్చుకోండి, నేర్పించడం మాకు ఇష్టం.

అటెండెంట్లు గొడవ చేసినప్పుడు మాత్రం తప్పకుండా ముందుకి రండి. బెడ్ లేదనీ, స్కాన్ లేటయిందనీ, మనిషి పోయినాడనీ జనం తిట్టేది కంటికి కనిపించే మనిషిని, ఆ మనిషి నర్సు. డాక్టర్లు రూంలోకి పోయి తలుపేసుకుంటే ఆ పిల్ల ఒంటరిగా నిలబడుతుంది. "వైద్యం నిర్ణయం నాది, ఆమెని ఏమీ అనొద్దండి, నాతో మాట్లాడండి" అని వచ్చి ఆమె పక్కన నిలబడండి. చావు వార్త చెప్పే పని నర్సు మీద పెట్టొద్దు, అది మీరే చెప్పాలి. చేయి చేసుకుంటే మాత్రం రాజీ పడమని నర్సుని ఒప్పించకండి, హాస్పిటల్ సిబ్బంది మీద దాడులు ఆపేదానికి ఆంధ్రప్రదేశ్ లో 2008లో వచ్చిన మెడికేర్ చట్టం డాక్టర్లకే కాదు, నర్సులకి కూడా వర్తిస్తుంది, నాన్ బెయిలబుల్ కేసు అది. కంప్లైంట్ రాయించడానికి తోడు పోండి, సాక్షిగా మీ పేరు ఇవ్వండి.

ఇట్లాంటిదే ఇంకో సంగతి, రవ్వంత కష్టమైన మాట. మీ తోటి డాక్టరే ఒక నర్సుతో అసభ్యంగా మాట్లాడినా, చేయి తగిలించినా, చూసీ చూడనట్టు పోవద్దు. పనిచేసే చోట ఆడవాళ్ళ మీద లైంగిక వేధింపుల గురించి వచ్చిన 2013 చట్టం ప్రకారం పది మంది పనిచేసే ఏ చోటైనా ఫిర్యాదులు వినే కమిటీ ఉండాలి, నర్సింగ్ హోం నడిపే డాక్టర్లు అందరూ ఇది చదువుకోవాలి, కమిటీలో ఎవరెవరున్నారో గోడ మీద రాసి పెట్టాలి. ఆ పిల్ల ఉద్యోగం పోతుందని భయపడి నోరు తెరవదు, మీరు తెరవచ్చు.

తిండి, నిద్ర, స్టాఫ్

టీచింగ్ హాస్పిటల్ లో ముగ్గురు పేషెంట్లకి ఒక నర్సు ఉండాలని ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ చెప్పింది. మన వార్డుల్లో ఒక్క నర్సు ఎంత మందిని చూస్తుందో మీ కళ్ళతో మీరే చూస్తా ఉన్నారు. స్టాఫ్ కావాలని నర్సులు అడిగితే ఫైలు కదలదు, యూనిట్ చీఫ్ సంతకం పెట్టి అడిగితే కదులుతుంది. ఇంత పెద్ద సాయం ఒక సంతకంతో చెయ్యగలరు, చెయ్యండి.

బ్రహ్మోత్సవాలప్పుడు, ముఖ్యంగా గరుడ సేవ రోజు, కొండ మీద క్యాంపులకి స్టాఫ్ ని పంపిస్తారు, కింద వార్డుల్లో మిగిలిన వాళ్ళ మీద డబుల్ పని పడుతుంది. అట్లాంటి రోజుల్లో అర్జెంట్ కాని ఆర్డర్లు పగటికి పెట్టుకోండి, రాత్రి ఒంటి గంటకి రొటీన్ శాంపిల్ తియ్యమని రాయొద్దు. ఆమె అన్నం బాక్స్ తెరిచిందంటే ఆ పది నిమిషాలు ఏదైనా మీరే చేసుకోండి, బీపీ చూడ్డం మీకూ వచ్చు కదా. మీరు టీ తెప్పించుకుంటే వార్డు మొత్తానికీ తెప్పించండి, ఆయమ్మలకి కూడా. ఆమె మాట్లాడ్డానికి వస్తే కుర్చీ చూపించండి, మీరు కూర్చొని ఆమెని నిలబెట్టి మాట్లాడొద్దు.

నర్సింగ్ స్టూడెంట్లు ఉంటే రౌండ్స్ అయిన తర్వాత ఒక పది నిమిషాలు ఏదో ఒకటి నేర్పించండి, ఈసీజీలో ఏం చూడాలి, షుగర్ పడిపోతే ముందు ఏం అగపడుతుంది అని. అట్లాగే మీరు కూడా వాళ్ళ దగ్గర నేర్చుకోండి, చంటి బిడ్డకి నరం దొరకనప్పుడు పిల్లల వార్డు సిస్టర్ ఎట్లా పట్టుకుంటుందో పక్కన నిలబడి చూస్తే అర్థమవుతుంది. నేర్చుకున్న తర్వాత ఎవరు నేర్పించినారో నలుగురిలో చెప్పండి.

థాంక్స్ ఎట్లా చెప్పాలి

ఊరికే "థాంక్యూ సిస్టర్" అంటే బాగుంటుంది, కానీ ఏ పనికి అని చెప్తే గుర్తుండిపోతుంది. "పొద్దున ఆ తాతకి ఒత్తిడి పుండు మొదలవుతా ఉందని మీరు చెప్పబట్టే పొజిషన్ మార్చే టైం టేబుల్ వేసినాం, ఇప్పుడు ఎరుపు తగ్గింది" అన్నారంటే ఆమె ఆ మాట ఇంట్లో కూడా చెప్పుకుంటుంది. పేషెంట్ బాగై పోయిన తర్వాత మళ్ళీ చెకప్ కి వస్తే వార్డుకి పిలుచుకొని వచ్చి చూపించండి. మేము వాళ్ళని వెంటిలేటర్ మీద చూసి ఉంటాం, నడిచి రావడం చూడం. అటెండెంట్లు స్వీట్ బాక్స్ తెచ్చి మీ చేతిలో పెడితే "నా కంటే ముందు వీళ్ళకి ఇవ్వండి" అని నర్సుల దగ్గరికి పంపండి, లోపల స్వీట్ ఏదున్నా పరవాలేదు.

అన్నిటికంటే పనికొచ్చేది రాతలో పెట్టడం. పోస్టింగ్ అయిపోయి పోయేటప్పుడో, ఏదైనా మంచి పని చూసిన మరుసటి రోజో, నర్సింగ్ సూపరింటెండెంట్ పేరు మీద ఒక లెటర్ రాయండి, ఒక కాపీ హాస్పిటల్ సూపరింటెండెంట్ కి. అర పేజీ చాలు. తేదీ, వార్డు, స్టాఫ్ నర్స్ పూర్తి పేరు, ఆమె గమనించింది ఏంది, చేసింది ఏంది, దాని వల్ల పేషెంట్ కి జరిగింది ఏంది. ఉదాహరణకి ఇట్లా: "ఫలానా తేదీ రాత్రి డ్యూటీలో ఉన్న స్టాఫ్ నర్స్ ఫలానా గారు, ప్రసవమైన తల్లికి ప్యాడ్ మామూలు కంటే తొందరగా తడిసిపోతోందని గమనించి, గర్భసంచి మెత్తగా ఉందని చేత్తో చూసి, మసాజ్ మొదలుపెట్టి వెంటనే నాకు కాల్ చేసినారు. నేను వచ్చేసరికి రెండో సెలైన్ లైన్ పెట్టి, ఆక్సిటోసిన్ సిద్ధంగా ఉంచినారు. బ్లీడింగ్ సకాలంలో ఆగింది. తల్లీ బిడ్డా క్షేమంగా ఇంటికి వెళ్ళారు." పొగడ్త మాటలు ఎక్కువ పెట్టొద్దు, జరిగింది జరిగినట్టు రాస్తే చాలు, కింద మీ పేరు, రిజిస్ట్రేషన్ నంబర్, సంతకం. మూడో కాపీ ఆమె చేతికే ఇవ్వండి, కాంట్రాక్టు మీద పనిచేసే నర్సులైతే రెన్యువల్ అప్పుడు, ఇంకో హాస్పిటల్ కి ఇంటర్వ్యూకి పోయినప్పుడు ఆ కాయితాన్ని ఫైల్లో పైన పెట్టుకొని పోతారు.